బాలయేసుకు పట్టని చొక్కా

లోస్ సౌసెస్ కాలనీలో బాలయేసు బొమ్మను ఎవరో ఎత్తుకుపోయారని తెలిసిన సాయంత్రం వీధి వీధంతా సంతోషించింది. పోలీసులకు ఫోను చేసిన మనిషి ఎవరో గాని, ఆ ఒక్కరికే సంతోషం కలగలేదు.

రెండు రోజులుగా ఎలాదియో సెర్పా బుర్రను తొలుస్తున్న విషయం అదే. మెరిదా కొండల్లో క్రిస్మస్ పాకలో పడుకోబెట్టిన బాలుణ్ణి ఫిబ్రవరి రెండో తేదీలోపు పాటలు పాడి నిలబెట్టాలి. అప్పటిదాకా ఇంటివాళ్లు కూడా ముట్టుకోకూడదు. కాపలా సరిగా లేకపోతే మాత్రం ఇరుగుపొరుగువాళ్లు ఎత్తుకుపోయి దాస్తారు. పోగొట్టుకున్నవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని ఇల్లిల్లూ వెతకాలి, దొరికాక వీధి మొత్తానికి కేకు, మోరా పండ్ల వైను పంచాలి. అది దొంగతనం కాదు, విందుకు వంక. దానికి పోలీసును పిలవడమంటే పెళ్లిపందిట్లో బిందెలోంచి ఉంగరం తీసిన పెళ్లికూతురి మీద కేసు పెట్టడమే.

సెర్పా ఒకప్పుడు నేరపరిశోధన శాఖలో పనిచేశాడు. ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటూ విశ్వవిద్యాలయం వెనక, అటవీ కళాశాల గోడకి ఆనుకుని ఉన్న ఈ కాలనీలో చివరి ఇంట్లో ఉంటున్నాడు. అతను వచ్చాక ఇక్కడ జరిగిన అతిపెద్ద నేరం, ఎవరో విద్యార్థులు పక్కింటి అవకాడోలు కోసుకుపోవడం. అంతకన్నా పెద్దవి జరగడం లేదని అతనికి బెంగ ఏమీ లేదు. పొద్దున్నే గోధుమ అరెపా రొట్టె, పాలచారు తిని, విద్యార్థుల గిటార్ వింటూ పేపరు చదువుకునే బతుకు అతనికి హాయిగా సరిపోయింది.

ఆ ఆదివారం మాత్రం పేపరు మడత విప్పకుండానే లేచాడు. దోన్ తెయోదులో దగ్గర్నుంచి కబురు వచ్చింది.

తెయోదులో దావిలా అటవీశాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసరు. ఎనభై దాటాయి. కళ్లలో శుక్లాలు, అద్దాలు సీసా అడుగుల్లా ఉంటాయి. పోయిన బాలుడు ఆయన ఇంటివాడే. ముత్తాతల కాలంలో చెక్కిన, మోచేతి పొడవు కూడా లేని కొయ్యబొమ్మ. రాజధానిలో పాత వస్తువులు అమ్మేవాళ్లు దానికోసం రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ కాఫీ మాత్రం తాగి వెళ్లారు.

సెర్పా లోపలికి అడుగుపెట్టేసరికి హాల్లో ప్రొఫెసరుతో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఒకరు మేడమీద గదిలో అద్దెకుండే యోలిమార్. పైకొండల్లో బంగాళాదుంపలు పండించే ఊరి పిల్ల, అటవీ కళాశాలలో చివరి ఏడు. కుర్చీ అంచున కూర్చుని చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుంది. రెండో మనిషి ఇన్‌స్పెక్టర్ నెర్విన్ ఉర్దనేతా.

ఉర్దనేతాది మారకైబో. ఈ కొండ ఊళ్లో మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు మీరు అనుకుంటారు, తల్లి కొడుకుని మీరు అంటుంది, కుక్కని కూడా మీరు అనే అదిలిస్తారు. ఉర్దనేతా బిషప్పునైనా నువ్వు అంటాడు. వాళ్ల ఊరి మాట అంతే, అందులో దురుసుతనం లేదు. అయినా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా యోలిమార్ ఉలిక్కిపడుతోంది.

"వచ్చావా," అన్నాడు సెర్పాను చూసి. "పన్నెండు దాకా టైమిచ్చాను. బొమ్మ బయటికొస్తే సరే. లేకపోతే ఈ పిల్ల నాతో స్టేషనుకి వస్తుంది. ఈలోపు నువ్వేం ఉద్ధరిస్తావో కానివ్వు. మళ్లీ పేపర్లో నీ ఫొటోనే పడుతుందిలే."

ఆ దెప్పు పాతదే. ఒకసారి ఇద్దరూ కలిసి తేల్చిన కేసులో పేపరువాళ్లు సెర్పా ఫొటో ఒక్కటే వేశారు. ఉర్దనేతా దాన్ని ఇంకా మోస్తున్నాడు.

స్టేషనుకి వెళ్లడం అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. రేపు పొద్దున తొమ్మిదింటికి యోలిమార్ తన పరిశోధన పట్టుకుని పరీక్షకుల ముందు నిలబడాలి. ఇవాళ లాకప్‌లో పడితే రేపు ఉండేది కోర్టులో. పరీక్ష మళ్లీ వర్షాకాలానికి గాని పెట్టరు. ఆమె ఊళ్లో కొత్తగా తెరుస్తున్న మొక్కల కేంద్రంలో ఉద్యోగం అంతదాకా ఆగదు.

సెర్పా ఆమెను వంటింట్లోకి పిలుచుకెళ్లి, కూర్చోమని చెప్పి, పొయ్యి మీద ఉన్న కాఫీ రెండు కప్పుల్లో పోశాడు. తీశారా అని అడగలేదు. ఎలా తీశారని అడిగాడు.

యోలిమార్ దాచలేదు. నిన్ననే అంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పానంది. పథకం వేసింది పక్కింటి దోన్యా బ్రిసేయిదా, మూడిళ్ల అవతలుండే డాక్టర్ త్రొకోనిస్. బాలుణ్ణి నిలబెట్టే రోజున తల్లిగా, తండ్రిగా నిలవాల్సినవాళ్లు వాళ్లిద్దరే. డాక్టరు శుక్రవారం మధ్యాహ్నం ప్రొఫెసరుగారిని చదరంగానికని తన ఇంటికి తీసుకుపోవాలి. మూడున్నరకి బేకరీలో సాయంత్రం రొట్టె దిగుతుంది. బ్రిసేయిదా రొట్టె కొనుక్కుని కిటికీ ముందు నుంచి నడిచి వెడితే వీధి ఖాళీగా ఉందని సైగ. యోలిమార్ బాలుణ్ణి తువ్వాల్లో చుట్టి పెరటి గోడ మీంచి ఆవిడకి అందించాలి.

"అందించారా?"

"అందించానండి. ఆవిడ నవ్వారు కూడా. నిన్న ఇన్‌స్పెక్టరుగారు వెళ్లి అడిగితే, నాకేం తెలీదన్నారట." ఆమె కప్పు పక్కకి జరిపింది. "నాలుగేళ్లుగా ఆదివారాలు వాళ్లింట్లోనే భోంచేస్తున్నాను, సెర్పాగారూ. నేను దొంగనని ఆవిడ ఎలా అనుకున్నారో నాకు అర్థం కావట్లేదు."

మూడున్నరకే తీశారా అని సెర్పా అడిగాడు. కాదంది. ఆరోజు కింది వీధికి కరెంటు పోయింది, బేకరీ పొయ్యి చల్లారింది. రొట్టె దిగేసరికి నాలుగున్నర. గంటసేపు కిటికీ పట్టుకుని నిలబడి కాళ్లు లాగేశాయి. సైగ రాకుండా కదలకూడదని ఒప్పందం కాబట్టి కదల్లేదు.

సెర్పా తల ఊపి, కాఫీ పూర్తిగా తాగి లేచాడు.

పాక హాలు పక్క గదిలో సగం ఆక్రమించింది. గోధుమరంగు కాగితాన్ని నలిపి చేసిన కొండలు, అద్దం ముక్కతో చెరువు, మట్టి గొర్రెలు, వాటి మధ్య ఎవరో మనవడు వదిలేసిన రాక్షసబల్లి. అడుగున పైకొండల నుంచి తెచ్చి పరిచిన పచ్చటి నాచు. దాని నడుమ మేరీకి, జోసెఫుకి మధ్యన ఖాళీ.

సెర్పా మోకాళ్ల మీద కూర్చుని టార్చి వెలుగు పక్కవాటుగా వేశాడు. చాలాసేపు కదల్లేదు. తరవాత ప్రొఫెసరుని చెయ్యి పట్టి తెచ్చి పక్కన కూర్చోబెట్టి, ఆయన వేళ్లను నాచు మీద పెట్టాడు.

"ఇక్కడ ఒక్క పడక కాదు, మాష్టారూ. రెండున్నాయి. చూడండి."

మొదటి చోట నాచు పసుపుబారి నేలకి అంటుకుపోయింది. బొమ్మ కింద వెలుతురు లేక అలా అయింది. దానికి రెండు వేళ్ల ఎడంగా ఇంకో గుంట ఉంది. అది లోతు ఎక్కువ, కాని రంగు తిరిగింది. అణిగిన నాచులోంచి సన్నటి కొత్త మొలకలు పైకి లేచాయి.

ప్రొఫెసరు నుదురు నాచుకి ఆనించేంత దగ్గరగా వంగాడు. ఆయన గొంతులోకి తరగతి గది వచ్చేసింది. రోజూ సాయంత్రం తానే నీళ్లు చిలకరిస్తాడు. బరువు తీసేశాక ఈ జాతి నాచు ఇలా మొలక వెయ్యాలంటే మూడు వారాలకి తక్కువ పట్టదు. అంటే లోతు గుంటలో పడుకున్నవాణ్ణి జనవరి మొదట్లోనే ఎవరో లేపేశారు. పక్కన పసుపు గుంటలో పడుకున్నవాడు వేరే.

"నా ఇంట్లో, నా పక్కనే," అన్నాడు. "నేను వాడికి రోజూ దణ్ణం పెట్టుకున్నాను."

గుమ్మంలో నిలబడి వింటున్న ఉర్దనేతా మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"బాగుంది. కోర్టులో నాచు చేత ప్రమాణం చేయిస్తావా, సెర్పా? బొమ్మని తుడవడానికి ఎవరో తీసి పెట్టుంటారు. పక్కకి జరిగుంటుంది."

"బరువు కూడా తుడిచేశారా? ఒక గుంట లోతు, ఒకటి పైపైన. మీరే వేలు పెట్టి చూడండి."

"నేను నాచు మీద వేళ్లు పెట్టను. దొంగ మీద పెడతాను."

ఫిర్యాదు ఎన్ని గంటలకి వచ్చిందని సెర్పా అడిగాడు. అది నీకనవసరం అన్నాడు ఉర్దనేతా. ఎవరు చేశారని అడిగాడు. దానికి మాత్రం చెయ్యి చాపి ప్రొఫెసరుని చూపించాడు.

"ఈయనే. తెయోదులో దావిలాని మాట్లాడుతున్నాను, నా ఇంట్లో అద్దెకున్న పిల్ల బాలయేసుని పట్టుకుపోయింది అన్నాడు. ఆరింటికి నేనొచ్చేసరికి వీధిజనం ఇక్కడ నవ్వుకుంటూ కూర్చున్నారు. నేను ఫోనెప్పుడు చేశానంటాడు. వయసు. చేసి మర్చిపోయాడు."

ప్రొఫెసరు నాచు మీద నుంచి చెయ్యి తీసేశాడు. చేశానేమో, గుర్తు లేదు, అన్నాడు చిన్నగా. శుక్రవారం నుంచి ఆయన్ను కుంగదీస్తున్నది బొమ్మ పోవడం కాదని సెర్పాకు అప్పుడు తెలిసింది.

అదే సమయానికి డాక్టర్ లియోనిదాస్ త్రొకోనిస్ చేతిలో కేకు పళ్లెంతో వచ్చాడు. చరిత్ర విభాగంలో డాక్టరేటు ఉన్న మనిషి, తెల్లటి గడ్డం, వీధిలో ఎవరింట పండుగైనా ముందుండే చెయ్యి. వస్తూనే యోలిమార్ భుజం తట్టాడు. తనకు తెలిసిన లాయరున్నాడన్నాడు. పోలీసులు గది సోదా చేస్తే రేపటి పరీక్ష కాగితాలు చిందరవందర అవుతాయని, అందుకే ఆమె పెట్టె, పుస్తకాలు ఇప్పుడే తన ఇంటికి చేరవేస్తానని అన్నాడు. ఇలా అనడం నిన్నటి నుంచి మూడోసారని యోలిమార్ చెప్పి, వద్దండీ, మీకెందుకు శ్రమ, అంది.

"ఆ గదిలోంచి చీపురుపుల్ల కూడా బయటికి పోదు," అన్నాడు ఉర్దనేతా. "పన్నెండు కొట్టాక నేనే చూస్తాను. నువ్వు కూర్చో, డాక్టరూ. కేకు కోయి."

సెర్పా పక్కింటికి నడిచాడు.

బ్రిసేయిదా పార్రా రసాయనశాస్త్రం చెప్పి రిటైరైంది. మనిషి సన్నగా, మాట పదునుగా ఉంటుంది. తలుపు తీసిన మరుక్షణమే, నాకేం తెలీదని ఇన్‌స్పెక్టరుకి చెప్పాను, మీకూ అదే చెప్తున్నాను, అంది. సెర్పా బొమ్మ ఊసెత్తలేదు. నిలబెట్టే రోజున బాలుడికి తొడిగే కొత్తబట్టలు ఏటా ఆవిడే కుడుతుంది కదా, ఈ ఏటి చొక్కా ఒకసారి చూస్తానన్నాడు.

ఆవిడ ముఖంలో రంగు పోయింది. కుట్టుమిషను మీద తెల్లపట్టు చొక్కా ఉంది. చంక కింద కుట్టు విప్పి, మళ్లీ కుట్టి, మళ్లీ విప్పి ఉంది.

"కొలత తప్పిందా?" అన్నాడు సెర్పా.

బ్రిసేయిదా కుర్చీలో కూలబడింది.

"పదకొండేళ్లుగా అదే కొలత. అదే అట్టముక్క పెట్టి కత్తిరిస్తాను. శుక్రవారం రాత్రి తొడగబోతే భుజాల దగ్గర పట్టలేదు, ఎడమచెయ్యి దూరలేదు. నాదే తప్పనుకుని రెండుసార్లు విప్పాను. మూడోసారి దీపం దగ్గర పెట్టి చూశాను. పాకలో పడుకుని పెరుగుతాడా అండీ బాలుడు? వీడు మనవాడు కాదు."

మిగతాది సెర్పా అడిగి రాబట్టాల్సి వచ్చింది. కళ్లకి ఆపరేషను చేయించుకోవాలని ప్రొఫెసరు ఏడాదిగా అనుకుంటున్నాడు. అసలు బొమ్మ గుట్టుగా అమ్మేసి నకలు పెట్టుకున్నాడేమో అని ఆవిడ భయపడింది. వీధిలో ఆయన పరువు పోతుందని బొమ్మ దాచింది, అడిగితే తెలీదంది. యోలిమార్‌ని ఏదో రెండు ప్రశ్నలడిగి వదిలేస్తారనుకుంది. పన్నెండు లోపల వచ్చి చెప్పేద్దామనే కూర్చున్నానంది.

"పదకొండున్నర దాటింది, దోన్యా."

ఆవిడ లేచి, గ్యాసు దొరక్క మూలపడిన ఓవెన్ తలుపు తెరిచి, తువ్వాల మూటను బయటికి తీసింది.

హాల్లో మూట విప్పారు. బ్రిసేయిదా అందరి ముందూ నిలబడి, ఈ పిల్ల చెప్పిందంతా నిజం, అబద్ధమాడింది నేను, అంది. యోలిమార్ లేచి వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది. ప్రొఫెసరు బొమ్మని చేతుల్లోకి తీసుకుని, వీపు మీద గోటితో గీకి వాసన చూశాడు.

"పైన్. మా వాడు సీడర్ చెక్క. ఇన్నేళ్లయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే చేదువాసన వస్తుంది. ఇది పోయిన ఏడాది కొట్టిన చెట్టు."

ఉర్దనేతా ముఖం విప్పారింది.

"పైన్. రేపు నువ్వు పరీక్ష ఇవ్వబోయేది దేని మీద, అమ్మాయ్?"

యోలిమార్ బల్ల వంక చూసింది. ఎత్తుకొండల మీద పైన్ తోటల పెంపకం. బల్ల మీద ఉన్న ఆమె పరిశోధన అట్ట మీదే పెద్ద అక్షరాల్లో ఉంది.

"చెక్క తెలిసిన పిల్ల. ఇంట్లో ఉన్న పిల్ల. నకలు చేయించి అసలుది అమ్మేసింది. ఆట పేరు చెప్పి నకలు కూడా మాయం చేసింది. నువ్వు నాకు సాయం చేశావు, సెర్పా. నేను దొంగతనం అనుకున్నాను. ఇది మోసం కూడా." అతను నడుముకున్న సంకెళ్లు తీశాడు.

"ఈ అమ్మాయి సెలవులకి ఊరెళ్లి ఎప్పుడొచ్చిందో మాష్టారిని అడగండి."

క్లాసులు తెరిచిన రోజు, జనవరి పంతొమ్మిదిన వచ్చిందని ప్రొఫెసరు చెప్పాడు. అప్పటికి నాచు మీద బొమ్మ మారి చాలా రోజులైంది. రాజుల పండుగ రోజుల్లో, అంటే జనవరి ఆరు ప్రాంతంలో, తాను జ్వరంతో మంచం మీద ఉన్నానని, వీధివాళ్లు వంతులవారీగా వచ్చి కూర్చున్నారని కూడా అన్నాడు.

"మళ్లీ నాచేనా," అన్నాడు ఉర్దనేతా. కాని సంకెళ్లు విప్పలేదు.

"పోనీ, నాచు వదిలేద్దాం. మీకు ఫోనొచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు?"

"టీవీ ముందు కుర్చీ వేసుకుంటున్నాను. శుక్రవారం నాలుగింటికి మా ఊరి జట్టు ఆట. ఇంకా మొదలుకాలేదు, ఆటగాళ్లు మైదానంలోకి కూడా రాలేదు. ఆట పోతుందే అని తిట్టుకుంటూ పేరు రాసుకున్నాను." ఉర్దనేతా అక్కడ ఆగాడు. అతను మొరటువాడే గాని మొద్దు కాదు. "ఏం? ఈ పిల్ల ఎప్పుడు తీసింది?"

రొట్టె దిగాక, అంది బ్రిసేయిదా. రొట్టె నాలుగున్నరకి గాని దిగలేదు. కరెంటు పోయింది. సంచీ పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్లలో సగంమంది ఈ వీధివాళ్లే, ఎవరినైనా అడగమంది.

ఉర్దనేతా వేళ్ల మీద గంటలు లెక్కపెట్టాడు.

"అయితే బొమ్మ పాకలో ఉండగానే," అన్నాడు ఉర్దనేతా మెల్లగా, "బొమ్మ పోయిందని నాకు ఫోనొచ్చింది."

"మూడున్నరకే పోయుంటుందని నమ్మిన మనిషి చేశాడు," అన్నాడు సెర్పా. "పథకం తెలుసు. రొట్టె ఆలస్యమైన సంగతి తెలీదు. పథకం ముగ్గురికే తెలుసు. వాళ్లలో ఇద్దరు రొట్టె కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. మూడో ఆయన ఇక్కడే తన ఇంట్లో ఉన్నాడు, ఈ వీధిలో కరెంటు పోలేదు. మాష్టారూ, శుక్రవారం చదరంగం ఎక్కడ ఆడారు?"

"లియోనిదాస్ ఇంట్లో, అరుగు మీద." ప్రొఫెసరు తల త్రొకోనిస్ వైపు తిప్పాడు. "మధ్యలో కాఫీ పెడతానని లోపలికి వెళ్లారు మీరు. నా ఎత్తు వేసి, మీ ఎత్తు కూడా ఊహించేశాను, ఇంకా రాలేదు. వచ్చేసరికి కాఫీ చల్లారి ఉంది." ఆయన గొంతు ఒక్కసారిగా తేలికైంది. "అయితే ఆ ఫోను నేను చెయ్యలేదు. నేనేమీ మర్చిపోలేదు."

త్రొకోనిస్ కేకు కోస్తున్న చాకును పళ్లెం అంచున జాగ్రత్తగా పెట్టాడు. చిరునవ్వు చెదరలేదు.

"చల్లటి కాఫీ ఇవ్వడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. నేరం మాత్రం కాదు. ఫోనులో గొంతు నాదేనని ఎవరు చెప్పగలరు? నా ఇంటి తలుపులు తెరిచే ఉన్నాయి, ఇన్‌స్పెక్టర్‌గారూ. అరలు, పరుపులు, అటకలు, అన్నీ వెతుక్కోండి. ఆ పాతబొమ్మ నా ఇంట్లో దొరికితే ఆ సంకెళ్లు నేనే వేసుకుంటాను. దొరక్కపోతే ఏం చేస్తారు? బొమ్మ లేకుండా మీ దగ్గరున్నది నాచు, రొట్టె, కాఫీ. వాటితో న్యాయమూర్తి ఫలహారం చేస్తాడు."

అతని మాటలో తొణుకు లేదు. అక్కడ బొమ్మ లేదని అతనికి రూఢిగా తెలుసని సెర్పాకు అర్థమైంది. ఉర్దనేతాకూ అర్థమైంది. అసలు బొమ్మ కనబడనంతవరకు ఎవరో ఒకరు స్టేషనుకి నడవాల్సిందే, ఆ ఒకరు ఇంకా యోలిమారే. ఉర్దనేతా గడియారం చూశాడు.

యోలిమార్ బ్రిసేయిదా చెయ్యి వదిలి ముందుకొచ్చింది.

"శుక్రవారం సాయంత్రం వీధంతా ఇక్కడ చేరి నవ్వుకుంటున్నప్పుడు," అంది, "డాక్టరుగారు కూడా ఇక్కడే ఉన్నారు. వాళ్ల వంటింటి తలుపు తీసే ఉంటుంది. ఆయన పాకలో బాలుణ్ణి కూడా నేనే ఎత్తుకొచ్చాను. ఆయనా విందు ఇవ్వాలి కదా, నా పరీక్షయిన రోజున అడుగుదామనుకున్నాను." ఆమె ఉర్దనేతా చేతిలోని సంకెళ్ల వంక చూసింది. "తెల్లారి ఇన్‌స్పెక్టరుగారు ఒకటి తీసినందుకే సంకెళ్లు అన్నారు. రెండోదాని సంగతి చెప్పడానికి భయమేసింది. మెడదాకా లేసు గుడ్డ చుట్టి ఉంది, నేను విప్పలేదు. అది మేడమీద, నా పెట్టెలో ఉంది. నా పెట్టెలో దొరికితే మీరేమంటారో నాకు తెలుసు. అయినా వెళ్లి తీసుకురండి."

ఉర్దనేతా మెట్లెక్కి వెళ్లాడు. త్రొకోనిస్ కదల్లేదు. కాని గడ్డం కింద అతని మెడ ఎర్రబడటం సెర్పా చూశాడు. పెట్టె తన ఇంటికి చేరవేయాలని అతను ఎందుకంత ఆరాటపడ్డాడో ఇక ఎవరూ వివరించక్కర్లేదు.

లేసు విప్పి బొమ్మని ప్రొఫెసరు చేతుల్లో పెట్టారు. ఆయన గీకలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. బ్రిసేయిదా రుమాలు తీసుకుంది.

"ఇది ఆ పిల్ల పెట్టెలో దొరికింది," అన్నాడు త్రొకోనిస్. మొదటిసారి అతని గొంతు హెచ్చింది. "అందరూ చూశారు. నా పాకలోంచి తెచ్చానని ఆమె అంటుంది. అంతేగా?"

"అంతే," అన్నాడు సెర్పా. "జనవరి నెలంతా మేమందరం మీ ఇంటికి వచ్చి మీ పాక ముందు మోకరిల్లి పాడాం. నేను మూడుసార్లు పాడాను. ఒకరి బాలుణ్ణి ఒకరు ముట్టుకోరు కాబట్టి ఎవరూ ఆ లేసు ఎత్తి చూడలేదు. ఇంతకన్నా మంచి చోటు ఈ ఊళ్లో ఇంకోటి దొరకదు. చొక్కా తొడిగేనాడు నకలు బయటపడితే నింద ఈ అమ్మాయి మీదే పడాలని ముందే పోలీసులకి ఫోను చేశారు. ఒక్క మాట చెప్పండి, డాక్టరుగారూ. మీ పాక ఇప్పుడు ఖాళీగా ఉందా?"

త్రొకోనిస్ పెదవులు కదిలాయి. ఉందన్నా, లేదన్నా చిక్కే.

"శుక్రవారం నుంచీ ఖాళీ," అన్నాడు సెర్పా. "ఈ వీధిలో బాలుణ్ణి ఎత్తుకుపోతే ఎవరైనా గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ అరిచి చెప్తారు. పిల్లలు పండగ చేసుకుంటారు. మీరు రెండు రాత్రులు గడిపారు, పక్కింటికి కూడా చెప్పలేదు. పోయినవాడు మీవాడే అయితే ఎందుకు దాచారు?"

ఉర్దనేతా త్రొకోనిస్ కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"లే, డాక్టరూ. నా చేత ఆట సగంలో వదిలేయించావు, దాని సంగతి దారిలో మాట్లాడుకుందాం."

ఇద్దరూ గుమ్మం దాటాక, బొమ్మ కొనబోయినవాడు ఎవరో సాయంత్రంలోపు చెప్పించి కబురు పెడతానని ఉర్దనేతా వీధిలోంచి సెర్పాకు కేకేశాడు. ఈసారి ఫొటోలో తానూ ఉంటానన్నాడు.

యోలిమార్ ఇంకా హాలు మధ్యలోనే నిలబడి ఉంది. కాళ్లకి ఎటు నడవాలో తెలియనట్టు బల్ల వంక, మెట్ల వంక చూసింది. ప్రొఫెసరు బాలుణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"ఆ కాగితాలు తీసుకుని ఇక్కడ కూర్చోండి. రేపు వాళ్లు అడిగేవాటికన్నా కష్టమైనవి నేనడుగుతాను. మొదటి ప్రశ్న. పైన్ నాటిన నేలలో పాత నాచు ఎందుకు చచ్చిపోతుంది?"

ఆమె కూర్చుంది. జవాబు మొదలుపెట్టింది.